గ్రాఫీన్‌లో స్పిన్-ఆర్బిట్ దాదాపు లేదంటారు, మరి కరెంటు నుంచి స్పిన్ ఎలా పుడుతోంది?

హేమ_ఎచ్చెర్ల | రాత్రి 8:52

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. పొరల గ్రాఫీన్‌లో కరెంటును స్పిన్ ధ్రువణంగా మార్చడం మీద సెమినార్ ఇస్తానని ఒప్పుకున్నాను. అప్పటి నుంచీ టెన్షనే. కొత్తవాళ్ల కోసం: గ్రాఫీన్ అంటే ఒక పరమాణువు మందం ఉన్న కార్బన్ రేకు, స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌కి సొంతంగా ఉండే చిన్న అయస్కాంతం లాంటి గుణం, స్పిన్ ధ్రువణం అంటే ఆ స్పిన్లు ఒక వైపుకి ఎక్కువగా ఒరగడం.

నా సందేహం ఇది. 2007లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒంటి పొర గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ స్పిన్ చెదరకుండా మైక్రోమీటరు దాటి వెళ్తుందని, అదీ గది ఉష్ణోగ్రత దగ్గరే, చూపించారు. తర్వాత శుభ్రమైన నమూనాల్లో ఆ దూరం 30 మైక్రోమీటర్లకు చేరింది. కారణం అన్ని చోట్లా ఒకటే రాస్తారు: కార్బన్ తేలిక పరమాణువు, పరమాణు సంఖ్య 6, స్పిన్-ఆర్బిట్ బంధం (ఎలక్ట్రాన్ కదలికకూ దాని స్పిన్‌కూ ఉండే ముడి) చాలా బలహీనం, అందుకే స్పిన్ త్వరగా చెదరదు. బాగానే ఉంది. కానీ అయస్కాంతం సాయం లేకుండా ఉత్త కరెంటుతో స్పిన్ పుట్టాలంటే స్పిన్-ఆర్బిట్ బలంగా ఉండాలని కూడా అవే పుస్తకాలు రాస్తున్నాయి. స్పిన్ నిలవడానికి ఏది అడ్డమో, పుట్టడానికి అదే కావాలన్నమాట. ఇవి రెండూ ఒకే చోట ఎలా కుదురుతాయి?

ఇంకోటి. రాష్బా-ఎడెల్‌స్టీన్ ప్రభావం, స్పిన్ హాల్ ప్రభావం అని రెండు పేర్లు వస్తున్నాయి. ఒకే నమూనాలో రెండూ కనబడ్డాయంటారు. వాటిని విడదీసి చెప్పేది ఎలా?

కోటజంక్షన్_మాస్టారు | రాత్రి 9:17

అమ్మాయ్, ఒకే పదార్థంలో కుదరదు కాబట్టే పొరలు పేర్చారు.

ఒంటరి గ్రాఫీన్‌లో స్పిన్-ఆర్బిట్ శక్తి కొన్ని పదుల మైక్రో ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. దాన్ని టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ మీదో, టంగ్‌స్టన్ డైసెలినైడ్ మీదో పరిస్తే అది మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు స్థాయికి పెరుగుతుంది. టంగ్‌స్టన్ పరమాణు సంఖ్య 74. అంత బరువైన కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లకు స్పిన్-ఆర్బిట్ గట్టిగా ఉంటుంది. గ్రాఫీన్ ఎలక్ట్రాన్ల తరంగం ఆ పక్క పొరలోకి కొద్దిగా చొరబడుతుంది, చొరబడినంత మేరకు ఆ గుణం అంటుతుంది. రెండు పొరల మధ్య రసాయన బంధం లేదు, వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ ఒక్కటే. అందుకే గ్రాఫీన్ తన నడకను పెద్దగా పోగొట్టుకోదు. పైగా టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ అర్ధవాహకం. ఫెర్మి స్థాయి (ఎలక్ట్రాన్లు నిండిన శక్తి పైఅంచు) దాని శక్తి అంతరంలో (ఎలక్ట్రాన్లకు చోటే లేని శక్తి మేరలో) ఉన్నంతసేపు కరెంటు గ్రాఫీన్‌లోనే పారుతుంది.

ఇక్కడ తెలివి ఏమిటంటే గ్రాఫీన్ పట్టీ మొత్తాన్నీ కప్పరు. ఒక చిన్న ముక్కను మాత్రమే కప్పుతారు. కప్పిన చోట స్పిన్ పుడుతుంది, కప్పని చోట అది దూరం వెళ్తుంది. నీ రెండు షరతులూ రెండు వేర్వేరు చోట్ల తీరుతున్నాయి.

ఇక పుట్టే విధానం. పొర పైన ఒక వాతావరణం, కింద ఇంకో వాతావరణం ఉంటే పైకీ కిందకీ ఉన్న సౌష్ఠవం పోతుంది. అప్పుడు పరుగెత్తే ఎలక్ట్రాన్ స్పిన్ దాని దిశకు లంబంగా, తలంలోనే ఒరుగుతుంది. తూర్పుకి వెళ్లేదాని స్పిన్ ఉత్తరానికి అనుకుంటే పడమటికి వెళ్లేదానిది దక్షిణానికి. ఇది రాష్బా బంధం. కరెంటు లేనప్పుడు తూర్పుకీ పడమటికీ సమానంగా వెళ్తాయి కాబట్టి మొత్తం సున్నా. కరెంటు పెడితే ఒక వైపు ఎక్కువమంది అవుతారు, స్పిన్ మిగులుతుంది. 1990లో ఎడెల్‌స్టీన్ రాసింది ఇదే.

ఒక్క మెలిక. రాష్బా వల్ల ఫెర్మి వృత్తం (ఎలక్ట్రాన్లు ఏ దిశలో ఎంత జోరుగా వెళ్తున్నాయో గీసిన పటంలో, నిండిన మేర అంచు) రెండుగా చీలుతుంది. ఒకదానిలో స్పిన్లు సవ్యంగా తిరిగితే రెండోదానిలో అపసవ్యంగా తిరుగుతాయి. కరెంటు రెంటినీ జరుపుతుంది, రెండూ ఎదురెదురు స్పిన్ ఇస్తాయి. వృత్తాలు ఒకే సైజు కాదు కనుక తేడా మిగులుతుంది. మనం కొలిచేది ఆ తేడానే. సెమినార్‌లో చాలామంది ఒక వృత్తమే గీసి ఊరుకుంటారు. నువ్వు రెండూ గియ్యి.

ఏఈ_చీపురుపల్లి | రాత్రి 9:31

మాస్టారూ, నేను కరెంటు మనిషినే గానీ ఈ కరెంటు వేరేలా ఉంది. రెండు ముక్కలు అడుగుతాను.

గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి సుమారు 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. మీరు చెప్పిన చీలిక ఒకటీ అరా. ఆ వేడి హోరులో ఇది వినబడుతుందా ఏటి?

రెండోది, కరెంటు పోతే స్పిన్ కూడా పోతుందా?

కోటజంక్షన్_మాస్టారు | రాత్రి 9:58

మొదటి ప్రశ్న అందరూ అడగవలసింది, ఎవరూ అడగరు.

రెండు శక్తి స్థాయులున్నాయి, వేడి వల్ల రెండూ సమానంగా నిండిపోతాయి, అందుకే తేడా కనబడదు అని మీరు అనుకుంటున్నారు. సమతాస్థితిలో అయస్కాంతీకరణ లెక్క అలాంటిదే. ఇక్కడ జరిగేది సమతాస్థితి కాదు. స్పిన్ మిగలడానికి కారణం కరెంటు వల్ల వృత్తాలు జరగడం. ప్రతి శక్తి దగ్గరా ఆ రెండు వృత్తాల తేడా ఉంటుంది. వేడి చేసేదల్లా ఫెర్మి స్థాయి చుట్టూ కొంత మేర సగటు తీయడం. ఆ మేరలో తేడా ఒకే గుర్తుతో ఉంటే సగటు తీసినా సున్నా కాదు. డిరాక్ బిందువు (గ్రాఫీన్‌లో నిండిన, ఖాళీ శక్తి పట్టీలు తాకే చోటు) దగ్గర మాత్రం చిక్కు, ఎందుకంటే అక్కడ ఎలక్ట్రాన్లూ హోల్సూ (ఎలక్ట్రాన్ ఖాళీలు) కలిసిపోతాయి. సిద్ధాంతం ప్రకారం మార్పిడి బాగా ఎక్కువగా ఉండేది కూడా అక్కడే, రాష్బా వల్ల ఒకే వృత్తం మిగిలే చిన్న శక్తి పట్టీ అంచున. కాబట్టి చల్లబరిస్తే లాభమే. కానీ చల్లబరచకపోతే సున్నా అని కాదు.

రెండోదానికి, అవును. కరెంటు ఆగితే నానోసెకన్లలో, కప్పిన భాగంలో ఇంకా త్వరగా, స్పిన్ చెదిరిపోతుంది. ఇది నిల్వ కాదు. నిల్వ కావాలంటే ఆ స్పిన్‌తో పక్కనున్న అయస్కాంతాన్ని తిప్పాలి.

పొందూరు_సన్నఖాదీ | రాత్రి 10:05

చదువుతున్నాను. సగం అర్థమైంది. ఆపకండి.

ఆమదాలవలస_నుంచి | రాత్రి 11:40

ఊరు ఆమదాలవలస, ప్రస్తుతం బయట ఒక ల్యాబ్‌లో రెండు మితుల పదార్థాల మీద పని చేస్తున్నాను. హేమ రెండో ప్రశ్న నా రోజువారీ పని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు బొమ్మ గీసుకోండి. గ్రాఫీన్ పట్టీ తూర్పు-పడమరగా ఉంది. దానికి అడ్డంగా ఉత్తర-దక్షిణంగా ఒక చేయి ఉంది, మొత్తం శిలువ ఆకారం. ఆ కూడలి మీద టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ ముక్క కప్పారు. కూడలికి తూర్పున కొన్ని మైక్రోమీటర్ల దూరంలో, పట్టీకి అడ్డంగా, సన్నని కోబాల్ట్ తీగ పెట్టారు. కోబాల్ట్‌కీ గ్రాఫీన్‌కీ మధ్య టైటానియం ఆక్సైడో, మెగ్నీషియం ఆక్సైడో పలచని పొర ఉంటుంది, లేకపోతే స్పిన్ వెనక్కి లోహంలోకే జారిపోతుంది. తీగ పొడవు ఉత్తర-దక్షిణం కాబట్టి దాని అయస్కాంతత్వం కూడా అటే. అంటే ఈ డిటెక్టర్ ఉత్తరం-దక్షిణం స్పిన్‌నే పసిగడుతుంది.

ఇప్పుడు ఉత్తర-దక్షిణ చేతిలో కరెంటు పంపండి. తూర్పు వైపు కరెంటు లేదు, స్పిన్ మాత్రమే వ్యాపించి వస్తుంది. అందుకే దీన్ని నాన్‌లోకల్ కొలత అంటారు.

రాష్బా-ఎడెల్‌స్టీన్ అయితే స్పిన్ కరెంటుకు లంబంగా తలంలో, అంటే తూర్పు-పడమర దిశలో. స్పిన్ హాల్ అంటే ఎదురెదురు స్పిన్లు కరెంటుకు అడ్డంగా చెరో వైపుకి చీలిపోవడం, అక్కడ స్పిన్ తలం నుంచి నిలువుగా, పైకో కిందకో. రెండూ డిటెక్టర్‌కి కనబడవు! కనబడనివ్వకపోవడమే ఈ డిజైన్‌లో అందం. వాటిని తిప్పి చూపించాలి. తిప్పేది బయటి అయస్కాంత క్షేత్రం. 1 టెస్లాకు స్పిన్ సెకనుకు సుమారు 2,800 కోట్ల సార్లు తిరుగుతుంది. కాబట్టి 0.1 టెస్లాలో ఒక నానోసెకనులో దాదాపు మూడు చుట్లు. స్పిన్ బతికే కాలానికి ఇది చక్కగా సరిపోయే వేగం.

క్షేత్రాన్ని నిలువుగా పెడితే నిలువు స్పిన్ కదలదు. తూర్పు స్పిన్ మాత్రం తలంలో తిరిగి ఉత్తరానికి వస్తుంది, డిటెక్టర్‌కి చిక్కుతుంది. ఇది రాష్బా-ఎడెల్‌స్టీన్. క్షేత్రాన్ని తూర్పు-పడమరగా పెడితే తూర్పు స్పిన్ కదలదు, నిలువు స్పిన్ తిరిగి ఉత్తరానికి వస్తుంది. ఇది స్పిన్ హాల్. క్షేత్రం గుర్తు మారిస్తే సిగ్నల్ గుర్తు మారుతుంది, అంటే సున్నా చుట్టూ ఎదురెదురుగా ఉండే వక్రరేఖ వస్తుంది. తూర్పు-పడమర క్షేత్రాన్ని ఇంకా పెంచితే కోబాల్ట్ అయస్కాంతత్వమే అటు ఒరుగుతుంది. అప్పుడు ఎడెల్‌స్టీన్ స్పిన్ నేరుగా కనబడి, ఒక మెట్టులా ఎక్కి స్థిరపడుతుంది.

2019లో స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్‌లో నానోగ్యూన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు మోలిబ్డినం డైసల్ఫైడ్ కప్పిన గ్రాఫీన్‌లో స్పిన్ హాల్‌ను గది ఉష్ణోగ్రత దగ్గర చూపించారు. అదే ఏడు గ్రోనింగెన్ వాళ్లు టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌తో రాష్బా-ఎడెల్‌స్టీన్ చూపించారు. 2020లో బార్సిలోనాలోని ఐసీఎన్2 అనే పరిశోధన సంస్థ బృందం రెండింటినీ ఒకే నమూనాలో, గది ఉష్ణోగ్రత దగ్గరే, ఇలా అక్షాలు మార్చి విడదీసింది. హేమా, సెమినార్‌కి ఈ మూడూ చాలు.

హేమ_ఎచ్చెర్ల | రాత్రి 11:58

అన్నా, బొమ్మ గీశాను, దిక్కులతో పెట్టుకుంటే నిజంగానే సులువుగా ఉంది. స్పిన్ హాల్‌కి నిలువు స్పిన్ ఎందుకు వస్తుంది? రాష్బా అయితే స్పిన్‌ను తలంలోనే ఉంచుతుంది కదా?

ఆమదాలవలస_నుంచి | రాత్రి 12:10

పక్క పొర ఇచ్చే స్పిన్-ఆర్బిట్ ఒకే రకం కాదు. రాష్బాతో పాటు వ్యాలీ-జీమన్ అనే రెండో ముక్క వస్తుంది. గ్రాఫీన్‌లో రెండు వ్యాలీలు, అంటే ఎలక్ట్రాన్లు ఉండగల రెండు వేర్వేరు శక్తి లోయలు, ఉంటాయి. ఒక వ్యాలీలో స్పిన్ పైకి, రెండోదానిలో కిందకి ఒరిగేలా ఇది పని చేస్తుంది. పక్క పొరలో ఒక ఉపజాలకం (పరమాణువుల అల్లికలో ఒకటి విడిచి ఒకటిగా ఉండే స్థానాల సమూహం) మీద లోహం, రెండోదాని మీద గంధకం ఉండడం వల్ల ఈ తేడా పుడుతుంది. నిలువు స్పిన్ అక్కడి నుంచి.

దీనికి విడిగా సాక్ష్యం కూడా ఉంది. 2017, 2018లలో చేసిన కొలతల్లో కప్పిన భాగంలో నిలువు స్పిన్ తలంలోని స్పిన్ కంటే సుమారు పది రెట్లు ఎక్కువ కాలం బతికింది. ఒంటరి గ్రాఫీన్‌లో రెండూ దాదాపు సమానం.

చిప్_రాజాం | ఉదయం 7:25

శుభోదయం. రాజాం మాది, బెంగళూరులో మెమరీ చిప్ డిజైన్‌లో ఉన్నాను. భౌతికశాస్త్రం అందంగా ఉందని ఒప్పుకుంటాను. కానీ హేమగారు సెమినార్ చివర "దీనితో మెమరీలు వచ్చేస్తాయి" అనే స్లైడ్ పెడతారేమోనని ముందే రాస్తున్నాను.

స్పిన్-ఆర్బిట్ టార్క్ మెమరీలో, అంటే కరెంటుతో పుట్టిన స్పిన్‌తో అయస్కాంతాన్ని తిప్పి సమాచారం రాసే మెమరీలో, మేం చూసేది ప్లాటినం, టాంటలం, టంగ్‌స్టన్ లాంటి లోహపు పలచని పొరలు. వాటి పక్కనే అయస్కాంత పొర ఉంటుంది. గ్రాఫీన్‌ను ఆ స్థానంలో పెట్టండి. గ్రాఫీన్ మందం 0.335 నానోమీటర్లు, ఒక చదరానికి నిరోధం వందల ఓమ్‌ల నుంచి కిలో ఓమ్ దాకా. దాని మీద లోహపు అయస్కాంతం పెడితే కరెంటు ఎటు పోతుంది? లోహంలోంచి. స్పిన్ పుట్టించాల్సిన కరెంటు గ్రాఫీన్‌ను తప్పించుకుని పక్కనుంచి పోయిందంటే ఇక సామర్థ్యం అంకె ఎంత పెద్దదైతే ఏం?

ఆ సామర్థ్యం అంకెల మీద కూడా నాకు అనుమానాలున్నాయి.

ఏఈ_చీపురుపల్లి | ఉదయం 7:40

ఇది మా భాష. తక్కువ నిరోధం ఉన్న దారి చూపిస్తే కరెంటు ఎవరి మాటా వినదు.

ఆమదాలవలస_నుంచి | ఉదయం 9:15

చిప్_రాజాం గారూ, కరెంటు పక్కదారి పట్టడం గురించి మీరన్నది నిజమే. అందుకే గ్రాఫీన్ పని చేసేవాళ్లలో చాలామంది దాన్ని లోహపు అయస్కాంతం కింద నేరుగా పెట్టాలని చూడటం లేదు. ఒక చోట స్పిన్ పుట్టించి, పట్టీ గుండా పంపించి, దూరాన ఉన్న అయస్కాంతం దగ్గర వాడాలన్నది ఆలోచన. విద్యుత్తును పారనివ్వని అయస్కాంత పదార్థాలైతే మీ అభ్యంతరం కొంత తగ్గుతుంది. చిప్ మీదికి రావడం మాత్రం దూరమే, నేను మీతో వాదించను.

అంకెల సంగతి చెప్తాను, ఇక్కడే చాలామంది తడబడతారు. స్పిన్ హాల్ కోణం అనేది కరెంటులో ఎన్నో వంతు స్పిన్ కరెంటుగా మారిందో చెప్పే నిష్పత్తి. గ్రాఫీన్ జతల్లో అది శాతానికి అటూ ఇటూ, కొన్ని చోట్ల కొన్ని శాతాలు. ప్లాటినంలో కూడా కొన్ని శాతాలే. మరి గ్రాఫీన్ గొప్ప ఎక్కడ? ఆ కోణాన్ని స్పిన్ వ్యాపన దూరంతో (స్పిన్ చెదిరేలోపు వెళ్లే దూరంతో) గుణిస్తారు. ఉదాహరణకు ప్లాటినంలో 5 శాతం, 3 నానోమీటర్లు అనుకుంటే లబ్ధం 0.15 నానోమీటర్లు. కప్పిన గ్రాఫీన్‌లో 1 శాతమే అయినా దూరం 500 నానోమీటర్లు అనుకుంటే లబ్ధం 5 నానోమీటర్లు. ముప్పై రెట్లకు పైనే. నాన్‌లోకల్ సిగ్నల్ పెద్దదిగా రావడానికి ఈ లబ్ధమే కారణం కాబట్టి అది ఉత్త గారడీ కాదు. కానీ పక్కన అతుక్కుని ఉన్న అయస్కాంతాన్ని తిప్పడానికి దూరం వల్ల ఏ లాభమూ లేదు.

ఇంకో చిక్కు. వక్రరేఖకు సమీకరణం అమర్చినప్పుడు కోణమూ దూరమూ ఒకదాన్నొకటి పట్టుకుని కదులుతాయి. ఒకటి పెంచి ఇంకొకటి తగ్గించినా వక్రరేఖ దాదాపు అలాగే వస్తుంది. కప్పిన భాగంలో స్పిన్ దూరాన్ని విడిగా కొలిచారా, లేక అదే వక్రరేఖ నుంచి పిండారా అని పేపర్‌లో వెతకండి. పిండి ఉంటే లబ్ధాన్ని నమ్మండి, విడి అంకెలను కాదు.

చిప్_రాజాం | ఉదయం 9:32

ఇలా చెప్తే ఒప్పుకుంటాను. స్లైడ్లలో లబ్ధాన్నే "సామర్థ్యం" అని రాసేసి శాతంలా వాడటం చూశాను, అది నచ్చలేదు. లబ్ధానికి యూనిట్ నానోమీటరు అని గుర్తు చేస్తే చాలామంది సర్దుకుంటారు.

కోటజంక్షన్_మాస్టారు | ఉదయం 10:20

మోసపోయే దారుల గురించి ఎవరూ మాట్లాడలేదు. స్పిన్ డిటెక్టర్ లేకుండా, ఒక చేతిలో కరెంటు పంపి దూరంగా వోల్టేజి వచ్చింది కాబట్టి స్పిన్ హాల్ అని చెప్పిన కాలం ఒకటుంది. 2013లో సింగపూర్ బృందం గ్రాఫీన్‌కు కొద్దిగా హైడ్రోజన్ అంటించి పెద్ద స్పిన్ హాల్ సిగ్నల్ చూశామంది. 2015లో గ్రోనింగెన్ వాళ్లు అదే తరహా నమూనాలు చేస్తే పెద్ద నాన్‌లోకల్ వోల్టేజి వచ్చింది, కానీ క్షేత్రం పెట్టినా అది చలించలేదు. స్పిన్ అయితే తిరగాలి కదా! తిరగనిదాన్ని స్పిన్ అనడానికి లేదు.

నా అభిప్రాయంలో ఈ రంగంలో 2015 తర్వాత వచ్చిన క్రమశిక్షణ చాలావరకు ఆ గొడవ పుణ్యమే. హేమా, ఇది నీ సెమినార్‌లో తప్పక ఉండాలి. విజయాలు ఎవరైనా చెప్తారు.

హేమ_ఎచ్చెర్ల | ఉదయం 10:41

పెడతాను మాస్టారూ. మరి ఇప్పటి కొలతల్లో స్పిన్ కానివి ఎలా తీసేస్తారు? కోబాల్ట్ తీగ సొంత క్షేత్రం వల్ల మామూలు హాల్ వోల్టేజి రావచ్చు కదా, కరెంటు వల్ల వేడి కూడా ఉంటుంది.

ఆమదాలవలస_నుంచి | మధ్యాహ్నం 12:05

వేడి కరెంటు వర్గం మీద ఆధారపడుతుంది. ఏకాంతర కరెంటు పంపి లాక్-ఇన్ ఆంప్లిఫయర్‌తో చూస్తే అది రెండో హార్మోనిక్‌లోకి (పంపిన కరెంటుకు రెట్టింపు పౌనఃపున్యంలోకి) పోతుంది, మొదటిదాంట్లో మనకు కావలసింది మిగులుతుంది.

మామూలు హాల్‌కి ఇలా చేస్తాం. కోబాల్ట్ అయస్కాంతత్వాన్ని ఉత్తరానికి ఉంచి ఒక వక్రరేఖ, దక్షిణానికి తిప్పి ఇంకొకటి తీస్తాం. స్పిన్ సిగ్నల్ గుర్తు మారుతుంది. డిటెక్టర్ అయస్కాంతత్వంతో సంబంధం లేని వోల్టేజిలన్నీ అలాగే ఉంటాయి. ఒకదానిలోంచి ఇంకొకటి తీసేస్తే స్పిన్ మిగులుతుంది. తీగ చివరల నుంచి వచ్చే సొంత క్షేత్రం మాత్రం అయస్కాంతత్వంతో పాటే గుర్తు మారుస్తుంది, కాబట్టి దానికి ఈ ఎత్తు పనిచేయదు. దాన్ని పట్టించేది వక్రరేఖ ఆకారం. స్పిన్ అయితే క్షేత్రం పెంచుతున్న కొద్దీ శిఖరం ఎక్కి, మళ్లీ తిరిగి, చివరికి సున్నాకు చేరాలి. తీగను ఇంకొంచెం దూరంలో పెట్టిన నమూనాలో ఆ శిఖరం చిన్న క్షేత్రానికి జరగాలి, ఎందుకంటే ప్రయాణ సమయం ఎక్కువ. ఈ రెండూ కనబడితే నేను నమ్ముతాను.

గేట్ వోల్టేజి గురించి కూడా. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచడానికీ తగ్గించడానికీ బయట నుంచి పెట్టే వోల్టేజి అది. డిరాక్ బిందువు దాటి ఎలక్ట్రాన్ల వైపు నుంచి హోల్స్ వైపు వెళ్తే రాష్బా-ఎడెల్‌స్టీన్ సిగ్నల్ గుర్తు మారుతుంది. గ్రోనింగెన్, బార్సిలోనా ఫలితాల్లో ఇది కనబడింది. లోహాల్లో ఇలా బటన్ తిప్పినట్టు గుర్తు మార్చే వీలు లేదు, గ్రాఫీన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అయితే గుర్తు మారింది కాబట్టి ఎడెల్‌స్టీనే అని తీర్పు చెప్పొద్దు. మామూలు హాల్ కూడా ఎలక్ట్రాన్-హోల్ మార్పుతో గుర్తు మారుస్తుంది! మోలిబ్డినం డైసల్ఫైడ్ అయితే గేట్ ఒక వైపు పెంచుతుంటే ఆ పొరే వాహకమై గ్రాఫీన్‌లోని స్పిన్‌ను మింగేస్తుంది. అప్పుడు సిగ్నల్ పడిపోతే మార్పిడి తగ్గిందనుకుంటే పొరపాటు.

పొందూరు_సన్నఖాదీ | మధ్యాహ్నం 1:30

నాకు డిగ్రీ ఫిజిక్స్ వరకే. అయినా ఒకటి అడగాలనిపించింది. మా ఇంట్లో నేత పని. సన్న నూలు పంచె ఒకదాని మీద ఇంకోటి పరిచి కొంచెం కోణం తిప్పితే పెద్ద పెద్ద గళ్లు తేలతాయి, ఎంత తక్కువ తిప్పితే అంత పెద్ద గళ్లు. గ్రాఫీన్ పొరల్ని కోణం తిప్పితే కూడా అలాంటి గళ్లు వస్తాయని, 1.1 డిగ్రీల దగ్గర 2018లో అతివాహకత్వం కనబడిందని చదివాను. ఈ స్పిన్ వ్యవహారంలో కోణం తిప్పితే ఏమవుతుంది?

కోటజంక్షన్_మాస్టారు | మధ్యాహ్నం 2:15

భలే అడిగావు నాయనా. కానీ ఇక్కడ కోణం పని చేసేది గళ్ల వల్ల కాదు. గ్రాఫీన్ జాలకం 0.246 నానోమీటర్లు, టంగ్‌స్టన్ డైసెలినైడ్‌ది 0.328. రెండు బట్టల నూలు అల్లికే వేరు. అంత తేడా ఉంటే ఏ కోణంలో పరిచినా పెద్ద గళ్లు రావు.

ఇక్కడ లెక్క సౌష్ఠవానిది. రెండు జాలకాల గీతలు కలిసినప్పుడు, అంటే 0 డిగ్రీల దగ్గర, నిలువు అద్దపు తలాలు మిగులుతాయి. 30 డిగ్రీల దగ్గర కూడా అంతే. అద్దపు తలం ఉంటే కరెంటుకు సమాంతరంగా స్పిన్ పుట్టడం కుదరదు, లంబంగానే పుట్టాలి. మధ్య కోణాల్లో ఆ తలాలు పోతాయి. నిషేధం ఎత్తేసినట్టే. అప్పుడు స్పిన్ కరెంటుకు లంబం నుంచి పక్కకు ఒరిగి, కొంత భాగం కరెంటు దిశలోనే రావచ్చు. అలాగే 30 డిగ్రీల దగ్గర వ్యాలీ-జీమన్ ముక్క సౌష్ఠవం వల్లే సున్నా అవుతుంది.

ఆమదాలవలస_నుంచి | మధ్యాహ్నం 2:50

మాస్టారు చెప్పినదానికి ప్రయోగం తోడైంది. 2024లో నానోగ్యూన్ బృందం టంగ్‌స్టన్ డైసెలినైడ్, గ్రాఫీన్ జతను వేర్వేరు కోణాల్లో పేర్చి, స్పిన్ దిశ కోణంతో మారుతుందని చూపించింది. ల్యాబ్ మనిషిగా నా గోడు ఏమిటంటే, కోణం "ఇంత" అని పేపర్‌లో రాసినంత తేలిక కాదు. రేకుల అంచులు చూసి అంచనా కట్టి పేరుస్తాం, వేడి చేస్తే పొర జరగొచ్చు, మధ్యలో గాలి బుడగలు మిగులుతాయి. ఎక్కువ కోణాలకు ఎక్కువ నమూనాలు చేయాలి, ప్రతి నమూనా శుభ్రత వేరు. అందుకే ఈ రంగంలో ఒక నమూనా మీద వచ్చిన అంకె కంటే, నాలుగు ల్యాబ్‌ల్లో ఒకే ధోరణి వస్తే నాకు ఎక్కువ నమ్మకం.

జాలకం సౌష్ఠవమే తక్కువగా ఉన్న టంగ్‌స్టన్ డైటెల్యురైడ్ లాంటివి తీసుకుంటే కోణం తిప్పకుండానే ఇలాంటి విపరీత దిశల స్పిన్ వస్తుంది. అది వేరే కథ, హేమకు ఇప్పుడే వద్దు.

ఏఈ_చీపురుపల్లి | సాయంత్రం 5:10

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. గ్రాఫీన్ గ్రాఫైట్ నుంచే కదా. మన తూర్పు కనుమల ఖొండలైట్ రాయిలో గ్రాఫైట్ పలుకులు మెరుస్తూ ఉంటాయి, సాలూరు వైపు వెళ్తే చూస్తుంటాం. టేపుతో ఒలిస్తే మన జిల్లా గ్రాఫీన్ రాదా?

ఆమదాలవలస_నుంచి | సాయంత్రం 6:30

వస్తుంది ఏఈగారూ, సిద్ధాంతంగా అడ్డేమీ లేదు. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవొసెలోవ్ ఒలిచింది కూడా గ్రాఫైట్‌నే, టేపుతోనే. పైగా మన కొండల రాయి బాగా ఎక్కువ ఉష్ణోగ్రత, పీడనాల్లో పుట్టింది, కాబట్టి గ్రాఫైట్ స్ఫటికం మంచిదే అయి ఉంటుంది. కావలసింది పెద్ద పలుకు, రాయి నుంచి విరగకుండా తీయగల ఓపిక. ఇంకా కావలసింది 300 నానోమీటర్ల సిలికాన్ ఆక్సైడ్ ఉన్న సిలికాన్ పలక, మంచి మైక్రోస్కోప్. ఒంటి పొర 2.3 శాతం కాంతినే పీల్చుకుంటుంది, గాజు మీద పెడితే కంటికి ఆనదు. ఆ ఆక్సైడ్ మందం దగ్గర మాత్రం రంగు తేడా తెలుస్తుంది. స్పిన్ కొలత దాకా వెళ్లలేం గానీ, ఒంటి పొర చూడటం కాలేజీలో సాధ్యమే.

నిర్వాహకుడు | సాయంత్రం 6:45

గ్రాఫైట్ రాళ్ల గురించి ఇంకా మాట్లాడాలనుకుంటే ఖనిజాల విభాగంలో కొత్త చర్చ తెరవండి. రిజర్వ్ అటవీ ప్రాంతంలో అనుమతి లేకుండా రాళ్లు తవ్వే ఐడియాలు ఇక్కడ పెట్టకండి.

హేమ_ఎచ్చెర్ల | రాత్రి 8:20

నా స్లైడ్ల వరస ఇలా మార్చాను: ముందు హైడ్రోజన్ గ్రాఫీన్ గొడవ, తర్వాత దిక్కుల బొమ్మ, తర్వాత రెండు వృత్తాలు, గేట్, చివర కోణం. మెమరీ స్లైడ్ పెట్టడం లేదు, చిప్_రాజాం గారు నిశ్చింతగా ఉండొచ్చు. ఒక్కటి మిగిలింది. 2019 నానోగ్యూన్ కొలతలో కరెంటును కోబాల్ట్‌లోంచి పంపి, వోల్టేజిని అడ్డ చేయి మీద చదివారని ఉంది. అది స్పిన్ నుంచి కరెంటు కదా? మన టాపిక్‌కి తలకిందులు.

ఆమదాలవలస_నుంచి | రాత్రి 9:05

తలకిందులే, కానీ వేరే ప్రయోగం కాదు. ఆన్‌సాగర్ నియమం ప్రకారం, కరెంటు పంపే తీగలనూ వోల్టేజి చదివే తీగలనూ అటూ ఇటూ మార్చి, అయస్కాంత క్షేత్రం, కోబాల్ట్ అయస్కాంతత్వం రెండింటి గుర్తులూ తిప్పితే నాన్‌లోకల్ నిరోధం అదే రావాలి. ఇది తక్కువ వోల్టేజిల కొలతకు, అంటే వోల్టేజి కరెంటుతో సరళంగా పెరిగే మేరకు, వర్తిస్తుంది. చాలా పేపర్లలో రెండూ కొలిచి ఒకదాని మీద ఒకటి వేసి చూపిస్తారు. రెండూ కలిస్తే కొలత సరళ పరిధిలోనే ఉందని ధైర్యం. ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే ఆ రెండు వక్రరేఖలున్న బొమ్మ చూపించు. కరెంటు పంపేటప్పుడు కోబాల్ట్ కాంటాక్ట్ నిరోధం ఎంతో కూడా నోట్ చేసుకో, తర్వాత అడిగేది అదే.

ఏఈ_చీపురుపల్లి | రాత్రి 9:12

సెమినార్‌కి బయటివాళ్లని రానిస్తారా అమ్మా? నాకు ఆ రోజు షిఫ్ట్ లేదు.

హేమ_ఎచ్చెర్ల | రాత్రి 9:20

మా సార్‌ని అడిగి రేపు ఇక్కడే రాస్తాను. రండి సార్, ఆ 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రశ్న మీరే అడగాలి.